పోస్టర్ సినిమాది, కవర్ పేజీ పత్రికది

సినిమా పత్రికకు ముఖచిత్రం తయారు చెయ్యమని మీడియా విద్యార్థులకు ప్రాజెక్టు ఇస్తే, చాలామంది చేసి తెచ్చేది పోస్టరే. మధ్యలో హీరో నిలబడి ఉంటాడు. వెనక పొగో నిప్పురవ్వలో ఉంటాయి. కింద సినిమా పేరు బండ అక్షరాల్లో ఉంటుంది. పైన కాస్త చోటు మిగిలింది కాబట్టి అక్కడ పత్రిక పేరు, మూలన ఒక బార్‌కోడ్. బొమ్మ బాగానే ఉంటుంది, పడ్డ కష్టమూ కనిపిస్తుంది, మార్కులు మాత్రం రావు. ఎక్కడ తేడా కొట్టిందో తెలియక, తనకు ఫోటోషాప్ సరిగ్గా రాదేమో అనుకుని ఆ విద్యార్థి మరిన్ని ట్యుటోరియళ్లు చూస్తాడు. ఎన్ని చూసినా తేడా అలాగే ఉంటుంది, ఎందుకంటే అది సాఫ్ట్‌వేర్‌కు ముందు మెట్టు దగ్గరే వచ్చింది. పోస్టర్‌కు యజమాని సినిమా. కవర్ పేజీకి యజమాని పత్రిక. ఈ ఒక్క సంగతి మనసుకెక్కితే మిగతా నిర్ణయాలన్నీ దాని వెంటే వస్తాయి.

బ్రిటన్‌లో ఓసీఆర్ పరీక్షల బోర్డు ఏ-లెవెల్ మీడియా విద్యార్థులకు చాలాకాలం ఇలాంటి ప్రాజెక్టే ఇచ్చింది. కొత్త సినిమా ఒకటి ఊహించుకుని దానికి టీజర్ తియ్యాలి. దానికి తోడు పోస్టర్, వెబ్‌సైట్ మొదటి పేజీ, సినిమా పత్రిక ముఖచిత్రం, ఈ మూడింట్లో ఏవైనా రెండు చెయ్యాలి. పోస్టర్‌నీ కవర్‌నీ ఒకే సంచిలోంచి తియ్యమనడంలోనే అసలు పరీక్ష ఉంది. సినిమా ఒకటే, నటుడు ఒకడే, వేసుకున్న చొక్కా కూడా అదే. కానీ పోస్టర్‌లో సినిమా తన గురించి తాను చెప్పుకుంటుంది. కవర్ మీద పత్రిక తన పాఠకుణ్ణి పలకరించి, ఈ నెల నీకోసం ఏం తెచ్చానో చూడు అంటుంది. మన దగ్గర జర్నలిజం, విజువల్ కమ్యూనికేషన్ చదివేవాళ్లకు ప్రాజెక్టు ఏ పేరుతో వచ్చినా ఈ తేడా మారదు.

పత్రిక మారితే అదే సినిమా ఎంత మారిపోతుందో చూడాలంటే నాలుగైదు పత్రికలను పక్కపక్కన పరచాలి. 1989లో లండన్‌లో మొదలైన ఎంపైర్ తీసుకోండి. ఎర్రటి పేరు, దాని కింద పాత్ర వేషంలో ఉన్న పెద్ద స్టార్, చూపు సూటిగా మన మీదే. 1932 నుంచీ వస్తున్న సైట్ అండ్ సౌండ్ అదే సినిమాను ఎత్తుకుంటే గొంతు తగ్గిస్తుంది. నటుడి కంటే దర్శకుడి పేరుకు బరువిస్తుంది. 1951లో పారిస్‌లో పుట్టిన కాయే ద్యు సినిమా తొలి రోజుల్లో పసుపు అట్ట మీద ఒక నలుపు తెలుపు స్టిల్ పెట్టి ఊరుకునేది. అరుపులు లేవు, ఊరింపులు లేవు. ఆ పసుపు చూస్తే చాలు, పాఠకుడు పత్రికను గుర్తుపట్టేవాడు. 2005లో వచ్చిన లిటిల్ వైట్ లైస్ ఫోటోను పక్కనపెట్టి బొమ్మలు గీయించింది. మన దేశంలో బాబూరావ్ పటేల్ 1935లో బొంబాయి నుంచి మొదలుపెట్టిన ఫిల్మిండియా అట్టలు చాలావరకు చిత్రకారుల కుంచెల్లోంచి వచ్చినవే. తెలుగులో అయితే నాగిరెడ్డిగారి సంస్థ మద్రాసు నుంచి 1966లో తెచ్చిన విజయచిత్ర ఉండేది, ఈనాడు వారి సితార ఉండేది, జ్యోతిచిత్ర ఉండేది.

వీటిని ఫోన్ తెర మీద చూసి ఊరుకోవద్దని గట్టిగా చెబుతాను. వేటపాలెం సారస్వత నికేతనం, గుంటూరు అన్నమయ్య గ్రంథాలయం, హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రం లాంటి చోట్ల పాత పత్రికలను కాపాడుతున్నారు. ఒక పూట వెళ్లి పాత సంచికలు చేత్తో పట్టుకోండి. కాగితం ఎంత పలచన, రంగు ఎంత దిగింది, పేరు పేజీలో ఎన్నో వంతు ఆక్రమించింది, నెల, ధర ఎక్కడ వేశారు, ఇవన్నీ కొలబద్దతో కొలిచి నోట్‌బుక్‌లో రాసుకోండి. ఒకే పత్రిక సంచికలు వరసగా అరడజను చూస్తే ఏది ప్రతిసారీ మారుతోందో, ఏది ఎన్నటికీ మారడం లేదో తేలిపోతుంది. మారనిది పత్రిక. మారేది ఆ నెల సినిమా.

ఇక మీ పత్రిక. ఒక ఉదాహరణ వేసుకుందాం. మీరు తీసిన పది నిమిషాల సినిమా పేరు 'చివరి రీలు' అనుకోండి. గోదావరి ఒడ్డున ఓ చిన్న పట్నంలో మూతపడబోతున్న థియేటరు, అందులో జీవితమంతా ప్రొజెక్టర్ తిప్పిన ముసలి ఆపరేటరు. ఆ పాత్ర వేసింది మీ క్లాసు కుర్రాడే, జుట్టుకు తెల్లరంగు కొట్టుకుని. ఈ సినిమాను ఎత్తుకునే పత్రికలు రెండు రకాలుగా ఉండొచ్చు. మొదటిది వారపత్రిక, పేరు 'ఇంటర్వెల్'. దాని పాఠకురాలు డిగ్రీ రెండో సంవత్సరం అమ్మాయి, బస్సు వచ్చేలోగా తిరగేస్తుంది, నటుల కబుర్లు ఇష్టం. రెండోది మూడు నెలలకోసారి వచ్చే 'తెరచాటు'. దాని పాఠకుడు ఫిల్మ్ సొసైటీలో సినిమాలు చూసే లెక్చరరు, కొన్న సంచికను దాచుకుంటాడు. 'ఇంటర్వెల్' కవర్ మీద ఆ కుర్రాడి ముఖం పేజీ నిండా ఉంటుంది, పక్కన 'ఇరవై ఏళ్లకే అరవై ఏళ్ల ఆపరేటర్!' అని ఉంటుంది. 'తెరచాటు' కవర్ మీద ఆపరేటరు గదిలో రీలు డబ్బాల మధ్య కూర్చున్న మనిషి, కింద 'ప్రొజెక్టర్ ఆగిన ఊళ్లు' అన్న ఒక్క వాక్యం. రెండూ సరైనవే. రెండింటినీ కలిపి ఒకే అట్ట మీద కుక్కితేనే తప్పు. అందుకే సాఫ్ట్‌వేర్ తెరవకముందు మీ పాఠకుడెవరో రెండు వాక్యాల్లో రాయండి. వయసు, పని, ఎక్కడ కొంటాడు, ఎంతకు కొంటాడు, ఎలా చదువుతాడు. ఆ కాగితం గోడకు అంటించుకోండి. రంగు దగ్గర సందేహం వచ్చినా, మాట దగ్గర సందేహం వచ్చినా జవాబు అందులోనే ఉంటుంది.

ఉన్న పత్రిక పేరు, దాని లోగో వాడుకోవచ్చా అని అడుగుతారు. టీచరు ఒప్పుకుంటే చెయ్యొచ్చు గానీ నేను సొంత పత్రికే పెట్టమంటాను. పేరుపొందిన పత్రిక తీసుకుంటే సగం నిర్ణయాలు వాళ్లవే అవుతాయి, నేర్చుకోవలసిన సగం మీ చెయ్యి దాటిపోతుంది.

అక్షరాల దగ్గర

తెలుగులో కవర్ చేసేవాళ్లు అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టవలసింది ఇక్కడ. ఇంగ్లిష్ ట్యుటోరియళ్లలో చెప్పే సూత్రాలు మన అక్షరాలకు సగమే పనిచేస్తాయి. ఇంగ్లిష్ పత్రిక తన పేరును అన్నీ పెద్దబడి అక్షరాల్లో పెట్టేస్తే పైనా కిందా గీత గీసినట్టు సమంగా వస్తుంది. మనకు పెద్దబడి, చిన్నబడి లేవు. పైన తలకట్టు, గుడి, ఏత్వం, కింద ఒత్తులు. పేరులో ఒక్క ఒత్తు ఉన్నా దానికి చోటివ్వడానికి మిగతా అక్షరాలన్నీ చిన్నవి కావాల్సిందే. 'సితార' అన్న పేరును గమనించండి. మూడే అక్షరాలు, కింద ఒక్క ఒత్తు లేదు. పేజీ వెడల్పంతా పరిచినా కింద ఖాళీ వృథా కాదు. 'జ్యోతిచిత్ర'లో మొదటి అక్షరానికీ చివరి అక్షరానికీ ఒత్తులున్నాయి. దాన్ని అందంగా కుదర్చడానికి ఎక్కువ పనితనం కావాలి. మన ఉదాహరణలో 'తెరచాటు' సుఖంగా కూర్చుంటుంది. 'ఇంటర్వెల్'లో 'ర్వె' ఇబ్బంది పెడుతుంది: పైన ఎత్వం, కింద వ ఒత్తు. ఒత్తున్న పేరు పెట్టకూడదని దీనర్థం కాదు. ఆ ఒత్తునే అలంకారంగా మలచొచ్చు, దాని తోకను సాగదీసి కింద గీతలా వాడుకోవచ్చు. కానీ అది చేత్తో చెయ్యవలసిన పని, ఫాంటు దానంతట అది చెయ్యదు.

చేత్తో అంటే నిజంగా చేత్తోనే. మద్రాసు రోజుల్లో సినిమా టైటిళ్లు ఆర్టిస్టులు కుంచెతో రాసినవే. బాపుగారి చేతిరాతైతే చివరికి ఫాంటుగా మారేంత ప్రేమ సంపాదించుకుంది. మీకు ఆ స్థాయి చెయ్యి ఉండనక్కర్లేదు. తెల్ల కాగితం మీద మార్కర్‌తో మీ పత్రిక పేరు పేజీ నిండేదాకా రాయండి, నచ్చినదాన్ని ఫోటో తీసి ఇంక్‌స్కేప్‌లోనో ఇలస్ట్రేటర్‌లోనో ట్రేస్ చెయ్యండి. పత్రిక పేరు ఒకసారి కుదిరితే ఎన్నో సంచికలకు అదే గుర్తు. కాబట్టి ఈ పనికి ఒక వారం ఇచ్చినా ఎక్కువ కాదు.

లోపలి మాటలకు ఫాంట్లు చాలు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన రామభద్ర, రవిప్రకాశ్, ధూర్జటి, మండలి వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. రామభద్ర బరువైనది, పెద్ద శీర్షికకు నిలబడుతుంది. మండలి చిన్న వాక్యాలకు తేలిక. ఒక కవర్‌కు రెండు ఫాంట్లు మించితే గోల మొదలవుతుంది. డీటీపీ షాపులో అను ఫాంట్లతో చేయిద్దామనుకుంటే ఒక్క విషయం గుర్తుంచుకోండి. పాత అను ఫాంట్లు యూనికోడ్‌వి కావు. ఫోన్‌లో టైప్ చేసిన తెలుగును అక్కడ పేస్ట్ చేస్తే చదవలేని గుర్తులు వస్తాయి, కన్వర్ట్ చేసుకోవాలి, చేశాక అక్షరం అక్షరం చదివి సరిచూసుకోవాలి.

ఫోటోషాప్‌లో ఒత్తులు విడిపోయి పక్కన నిలబడితే ఫాంటును తిట్టకండి. టెక్స్ట్ సెట్టింగుల్లో వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకోండి. పాత వెర్షన్లలో అది ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో ఉంటుంది, ఇంకా పాతవాటిలో దాని పేరు మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్. ఇన్‌డిజైన్‌లో వరల్డ్-రెడీ పారాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోవాలి. డబ్బు పెట్టలేనివాళ్లకు ఇంక్‌స్కేప్, గింప్, స్క్రైబస్ కొత్త వెర్షన్లు తెలుగును సరిగ్గానే చూపిస్తాయి. ఏ సాఫ్ట్‌వేర్ అయినా రెండు వరసల శీర్షిక పెట్టినప్పుడు పై వరస ఒత్తు కింది వరస గుడిని తాకుతోందేమో చూడండి. వరసల మధ్య ఎడం ఇంగ్లిష్‌కు సరిపోయినంత మనకు సరిపోదు. ఎడం పెంచితే శీర్షిక విడిపోయినట్టు ఉంటే ఎడాన్ని వదిలి మాటను మార్చండి. 'రాష్ట్రం' బదులు ఊరి పేరు పడితే ముడి దానంతట అదే విడిపోవచ్చు. అక్షరాల మధ్య ఎడాన్ని మాత్రం ఇష్టం వచ్చినట్టు సాగదీయొద్దు, అడ్డంగా లాగి లావు చెయ్యొద్దు. గుండ్రని అక్షరాలు కోడిగుడ్డు ఆకారంలోకి పోతాయి.

పత్రిక పేరు మీదికి నటుడి తల రావాలా? ఎంపైర్ లాంటి పత్రికల్లో తల పేరును సగం కప్పేసినా పాఠకుడు గుర్తుపడతాడు, ఏళ్ల తరబడి చూసిన పేరు కాబట్టి. మీ పత్రికకు ఇది మొదటి సంచిక. పైగా ఇంగ్లిష్ అక్షరం కొంత కనబడకపోయినా చదవొచ్చు, మనకు గుడి కనబడకపోతే 'తి' కాస్తా 'త' అవుతుంది, ఒత్తు కనబడకపోతే మాటే మారిపోతుంది. తల పెట్టాలని ఉంటే గుణింతం లేని అక్షరం దగ్గర, అంచును మాత్రమే తాకేలా పెట్టండి. 'తెరచాటు'లో అయితే 'ర' దగ్గర.

ఫోటో

ఫోటోను కవర్ కోసమే తియ్యాలి. సినిమా షూటింగ్‌లో దొరికిన స్టిల్‌ను తెచ్చి అతికిస్తే అక్కడ నటుడు ఇంకో పాత్రను చూస్తూ ఉంటాడు, మనల్ని చూడడు. పోస్టర్‌కు అది పనికొస్తుంది. కవర్ మీద, ముఖ్యంగా 'ఇంటర్వెల్' లాంటి పత్రికకు, కళ్లు పాఠకుడి కళ్లలోకి చూడాలి. కెమెరాను నటుడి కంటి ఎత్తులో పెట్టండి. ఛాతీ దాకా ఫ్రేమ్, తల పైన పత్రిక పేరుకు కావలసినంత ఖాళీ, కవర్ లైన్లు (లోపలి కథనాల గురించి అట్ట మీద వేసే మాటలు) వచ్చే వైపున ఇంకొంచెం ఖాళీ. ఆ ఖాళీ తర్వాత కంప్యూటర్‌లో పుట్టదు, తీసేటప్పుడే వదలాలి. అందుకని షూటింగ్‌కు ముందే పెన్సిల్‌తో గీసిన కవర్ నమూనా చేతిలో ఉండాలి.

మంచి కెమెరా లేదని ఆగిపోకండి. 12 మెగాపిక్సెళ్ల ఫోన్‌తో నిలువుగా తీసిన ఫోటో సుమారు 3000 × 4000 పిక్సెళ్లు ఉంటుంది. 300 డీపీఐ దగ్గర ఏ4 పేజీకి 2480 × 3508 చాలు. అంటే ఫ్రేమ్ సరిగ్గా కడితే ఫోన్ సరిపోతుంది. తీశాక సగం కత్తిరిస్తే సరిపోదు. దగ్గరికి వెళ్లి వైడ్ లెన్స్‌తో తీస్తే ముక్కు పెద్దదవుతుంది, రెండడుగులు వెనక్కి వచ్చి రెండింతల జూమ్ లెన్స్ ఉంటే దానితో తియ్యండి. ఉత్తరపు కిటికీ వెలుగు, ఎదురుగా తెల్ల థర్మకోల్ షీటు, వెనక వెల్ల వేసిన గోడ, ఇంతతో చాలా దూరం వెళ్లొచ్చు. ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. ఇంటర్నెట్‌లో దొరికిన స్టార్ ఫోటో మాత్రం వద్దు. దాని మీద హక్కు వేరేవాళ్లది. మీ నటుల దగ్గర ఫోటో వాడుకోవడానికి ఒప్పుకుంటున్నట్టు ఒక కాగితం మీద సంతకం తీసుకోండి. మైనరైతే తల్లిదండ్రుల సంతకం కావాలి. రేపు ఉద్యోగంలో ఇది రోజువారీ పని, ఇప్పుడే అలవాటవ్వడం మంచిది.

మాటలు

బొమ్మ ఆపుతుంది, కొనిపించేది మాట. విద్యార్థుల కవర్లలో నాకు బాధ కలిగించేది ఈ చోటే. 'ప్రత్యేక ఇంటర్వ్యూ', 'తాజా విశేషాలు', 'ఇంకా ఎన్నో' అని నింపేస్తారు. ఇవి ఏ పత్రిక మీదైనా పట్టే మాటలు. 'దర్శకుడితో ఇంటర్వ్యూ' అనే బదులు 'క్లైమాక్స్ రెండుసార్లు ఎందుకు తీశారు?' అంటే లోపల జవాబుందని పాఠకుడికి తెలుస్తుంది. కవర్ లైన్ ఒక మాట ఇవ్వడం లాంటిది, లోపలి పేజీ దాన్ని నిలబెట్టాలి. మీ ప్రాజెక్టులో లోపలి పేజీలు లేకపోయినా ప్రతి కవర్ లైన్‌కూ లోపల ఏం రాస్తారో నాలుగు వాక్యాలు రాసి పెట్టుకోండి. రాయలేకపోతే ఆ లైన్ తీసెయ్యండి.

మీ సినిమా గురించి ఒక పెద్ద లైన్, మిగతా సినీలోకం గురించి మూడో నాలుగో చిన్నవి. ఈ చిన్నవాటిని వదిలేసి అట్టంతా తమ సినిమాకే ఇచ్చేవాళ్లు మళ్లీ పోస్టర్‌లోకి జారిపోయినట్టే. పత్రికలో ఈ నెల ఇంకేవో కూడా ఉన్నాయి. సౌండ్ డిజైనర్ గురించి ఒక కథనం, ఓ పాత సినిమా పునర్విమర్శ, లఘుచిత్రాల పోటీ కబురు. అవి ఉంటేనే మీ సినిమా ఒక పెద్ద లోకంలో చోటు సంపాదించుకున్నట్టు కనిపిస్తుంది. అలాగని అన్నీ చెప్పాలని చూస్తే, బంధువుల పేర్లన్నీ కూరిన పెళ్లి శుభలేఖ అయిపోతుంది. 'తెరచాటు' లాంటి పత్రికకు పెద్ద లైన్‌తో పాటు రెండు చిన్న లైన్లు చాలు.

సినిమా పేరు అక్షరాలు టీజర్‌లో, పోస్టర్‌లో ఎలా ఉన్నాయో కవర్ మీదా అలాగే ఉండాలి. అదొక్కటే సినిమాది. చుట్టూ ఉన్న అక్షరాలన్నీ పత్రికవి.

రంగుల గురించి ఎక్కువ చెప్పను. నటుడి దుస్తుల్లోంచో వెనక గోడలోంచో ఒక రంగు తీసి పెద్ద లైన్‌కు వాడండి, పక్కన నలుపో తెలుపో. తెర మీద మెరిసిపోయే చిలకపచ్చ, నియాన్ నీలం కాగితం మీద చప్పబడిపోతాయి, ఎందుకంటే తెర వెలుగుతో చూపిస్తుంది, ప్రెస్సు సిరాతో అద్దుతుంది. ప్రెస్సు సిరాల రంగు పద్ధతి అయిన సీఎంవైకేలోకి ముందే మార్చి చూసుకుంటే ఆశ్చర్యం ఉండదు. పేజీ నాలుగు వైపులా కటింగ్‌లో పోయే 3 మిల్లీమీటర్ల అదనపు అంచు (బ్లీడ్) వదలండి, అంటే ఏ4కు ఫైలు 216 × 303 మిల్లీమీటర్లు. అక్షరాలేవీ కటింగ్ గీతకు 10 మిల్లీమీటర్ల కంటే దగ్గరికి రాకుండా చూడండి. బార్‌కోడ్ చుట్టూ తెల్లటి ఖాళీ ఉండాలి, లేకపోతే యంత్రం చదవదు. పత్రికల బార్‌కోడ్ 977తో మొదలవుతుంది. నిజమైన పత్రిక కోడ్ కాపీ కొట్టకుండా డమ్మీ అంకెలు వేసుకోండి. సంపుటి, సంచిక, నెల, ధర మర్చిపోకండి. ధర మీ పాఠకుడి జేబును బట్టి ఉండాలి.

తర్వాత ప్రింట్. మీ ఊళ్లో డిజిటల్ ప్రింటింగ్ షాపుకు వెళ్లి ఆర్ట్ పేపర్ మీద ఒక్క కాపీ తీయించండి. బస్టాండ్ పుస్తకాల కొట్లో పత్రికలు ఒకదాని మీద ఒకటి పరచి, పై అంచూ ఎడమ అంచూ మాత్రమే కనిపించేలా పెట్టడం చూసే ఉంటారు. మీ కవర్‌ను కూడా నాలుగు నిజమైన పత్రికల మధ్య అలాగే దూర్చండి. ఎడమ అంచులో, పైభాగంలో కనబడేది చాలా? పత్రిక పేరు చదవగలుగుతున్నారా? పెద్ద లైన్ మొదటి మాట దొరుకుతోందా? ప్రాజెక్టుతో సంబంధం లేని స్నేహితుణ్ణి పిలిచి, చూపించి, తిప్పేసి, ఏం గుర్తుందో అడగండి. సినిమా పేరు మాత్రమే చెబితే మీ పత్రిక ఇంకా పుట్టలేదు. మళ్లీ పాఠకుడి కాగితం దగ్గరికి వెళ్లండి. ప్రతి రూపాన్నీ తేదీతో సేవ్ చేసుకోండి, ఏది ఎందుకు మార్చారో పక్కన ఒక వాక్యం రాయండి. ప్రాజెక్టు నివేదికలో సగం పని దానితోనే అయిపోతుంది.

అన్నీ అయ్యాక సబ్మిట్ చెయ్యడానికి ముందు ఇంకో పని చెయ్యండి. మీ పక్క బెంచీ వాళ్లు తీసిన సినిమా తీసుకోండి. అది హారర్ కావచ్చు, కాలేజీ ప్రేమకథ కావచ్చు. దానితో మీ పత్రిక రెండో సంచిక కవర్ చెయ్యండి. పేరు అక్కడే ఉంచండి, ఫాంట్లు అవే ఉంచండి, పాఠకుణ్ణి మార్చకండి. ఫోటో, రంగు, మాటలు మాత్రం కొత్తవి. రెండు సంచికలనూ గోడకు ఆనించి పెట్టండి. చూసినవాళ్లు అడక్కుండానే ఇవి రెండూ ఒకే పత్రికవి అంటే మొదటిదాన్ని ధైర్యంగా ఇవ్వండి, రెండోదాన్ని అనుబంధంగా జతచెయ్యండి. అనకపోతే మొదటి కవర్‌లో ఏది పత్రికది, ఏది సినిమాది అని ఎర్ర పెన్నుతో, నీలం పెన్నుతో వేరువేరుగా గుర్తులు పెట్టండి. ఎర్ర గుర్తులు తక్కువ పడ్డ చోట పని మళ్లీ మొదలుపెట్టండి.